మా ఆడవాళ్ల తొలి వాచకం వాళ్ల నోటి కథే కానివ్వండి

ఒడిశా సరిహద్దు జిల్లాల్లో వయోజన విద్య చూసే అధికారులకు, ఆ చదువుకు పుస్తకాలు రాసే పెద్దలకు,

నమస్కారం.

మాది పర్లాకిమిడి పక్కన, మహేంద్రతనయ ఒడ్డున ఉన్న చిన్న ఊరు. ఏరు దాటితే పాతపట్నం, శ్రీకాకుళం జిల్లా. మా ఊరి కోడళ్లలో సగం మందికి పుట్టిల్లు ఏటికి అవతలే. నేనూ అటు నుంచి వచ్చినదాన్నే. డిగ్రీ దాకా తెలుగులో చదివాను, పెళ్లయ్యాక ఒడియా నేర్చుకున్నాను. మూడేళ్లుగా మా అరుగు మీద రాత్రిపూట ఆడవాళ్లకు చదువు చెబుతున్నాను. ఆ అరుగు మీద చూసింది మీకు చెప్పకపోతే తప్పు చేసినట్టవుతుందని ఈ ఉత్తరం రాస్తున్నాను.

అసలు మాట ముందే చెప్పేస్తాను. పెద్దవయసు ఆడవాళ్ల చేతికి ముందు పుస్తకం ఇవ్వకండి. ముందు వాళ్లను మాట్లాడనివ్వండి. వాళ్లు చెప్పుకున్న సొంత కథను వాళ్ల మాటల్లోనే కాగితం మీద పెట్టి, దాన్నే తొలి పాఠం చేయండి.

నేను కూడా మొదట్లో అందరిలాగే మొదలుపెట్టాను. ఏటి అవతల చుట్టాలింటి నుంచి ఒక పాత వాచకం తెచ్చాను. అ అంటే అమ్మ, ఆ అంటే ఆవు. మొదటి వారం పద్నాలుగు మంది వచ్చారు. పొద్దంతా నాట్లేసి, వంట చేసి, పిల్లలకు అన్నాలు పెట్టి, ఎనిమిదింటికి వచ్చి కూర్చునేవాళ్లు. ఋ దగ్గర ఋషి, ఐ దగ్గర ఐరావతం వచ్చేసరికి ఆవలింతలు మొదలయ్యాయి. నెల తిరిగేసరికి ఆరుగురు మిగిలారు. మానేసినవాళ్లను బతిమాలుకోవడానికి ఇంటింటికీ తిరిగాను. ఒకావిడ అడ్డాకుల విస్తరి కుడుతూ, తల ఎత్తకుండానే అంది: "ఈ వయసులో నాకు ఆవు బొమ్మ సూపించి ఇది ఆవని సెప్తావేటమ్మా? దాని పేడ ఎత్తీ ఎత్తీ నా నడుం ఇరిగిపోనాది."

ఆ మాట చాలా రోజులు నన్ను వదల్లేదు. ఆవిడకు తెలియనివి కాగితం మీది ఆ గీతలు మాత్రమే. నేను మాత్రం ఆవిడకు ఆవు గురించి కూడా చెబుతున్నాను. యాభై ఏళ్లు సంసారం ఈదిన మనిషిని ఒకటో తరగతి పిల్లలా కూర్చోబెట్టాను. చదువు రాదన్న సిగ్గు ఆవిడకు ముందే ఉంది, దాని మీద నేను ఇంకొంచెం వేశాను.

దారి అనుకోకుండా దొరికింది. అక్టోబరులో ఒక రాత్రి వాన పట్టుకుంది, కరెంటు పోయింది. వచ్చినవాళ్లు వెళ్లలేక లాంతరు చుట్టూ కూర్చున్నారు. ఎవరో తిత్లీ తుపాను మాట ఎత్తారు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటింది అది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకొరిగాయి. మా గజపతి జిల్లాలో కొండచరియలు విరిగిపడి ఇళ్లకు ఇళ్లే మట్టిలో కలిశాయి. అంతవరకు బడిలో ఒక్కనాడూ నోరు విప్పని మా అత్త ఆ రాత్రి మాట్లాడింది. నేను పాత క్యాలెండరు కాగితం తిరగేసి, స్కెచ్ పెన్నుతో పెద్ద పెద్ద అక్షరాల్లో ఆవిడ అన్నది అన్నట్టే రాశాను:

"తిత్లీ రేతిరి మా ఇంటి రేకు ఎగిరిపోనాది. నాను మేకపిల్లని ఒళ్లో ఎట్టుకుని కూకున్నాను. తెల్లారేసరికి కొబ్బరిసెట్లు పడిపోనాయి. ఎవులూ ఏడవనేదు."

వేలు పెట్టి చదివి వినిపించాను. "ఇది నాను సెప్పిందే కదా" అంది. అవునత్తా అన్నాను. "మేకపిల్ల ఏది?" అని అడిగింది. చూపించాను. ఆ మాట మీద వేలు పెట్టి అలాగే ఉండిపోయింది. మర్నాడు పొద్దున లేచేసరికి ఆ క్యాలెండరు కాగితం పొయ్యి పక్కన గోడకు తగిలించి ఉంది. పప్పు ఉడుకుతుంటే అత్త దాని ముందు నిలబడి, పసుపు అంటిన వేలితో ఒక్కో మాటా తడుముతోంది.

కంఠతా వచ్చిన మాటలు కాబట్టి చదివినట్టు అనిపించిందంటారేమో. మొదటి మూడు రోజులూ అంతే, నేను కాదనను. అందుకే నాలుగో రోజు అవే వాక్యాలు ఇంకో కాగితం మీద రాసి, కత్తెరతో వేటికవి కత్తిరించి, కలిపేసి చేతికిచ్చాను. సరిగ్గా పేర్చడానికి రెండు రాత్రులు పట్టింది. తర్వాత మాటలుగా కత్తిరించాను. రేకు, మేక, రేతిరి పక్కపక్కన పెట్టి చూస్తూ ఆవిడే అంది: "మూడిట్లోనూ నెత్తి మీద ఒకేలాటి వంకర ఉంది." అదే ఏత్వం. నేను చెప్పలేదు, ఆవిడే పట్టుకుంది. అక్కడి నుంచి ఆగలేదు. రేకులో 'కు' తెలిస్తే కూకున్నానులో 'కు' తెలిసింది. సంక్రాంతి నాటికి గుణింతాల పట్టిక ఒక్కసారీ వల్లించకుండానే చాలా అక్షరాలు వచ్చేశాయి. పట్టిక తర్వాత చూపించాను. అప్పటికే పరిచయమైన వాళ్లందరినీ ఒకచోట చూసినట్టు ఆవిడ దాన్ని చూసింది.

ఆ వానరాత్రి తర్వాత అరుగు మళ్లీ నిండింది. వాళ్లు ఇప్పుడు చదువుకని రావడం లేదు, ఎవరి కథ రాస్తారా అని వస్తున్నారు. ఆవు మాటతో నా కళ్లు తెరిపించిన ఆవిడ కూడా వచ్చింది. "నా కతేటుంది రాయడానికి?" అంటూనే ఆ రాత్రి గంటన్నర చెప్పింది.

ఇప్పుడు ఒక చిన్న మాట గురించి వివరంగా చెప్పాలి. మీరు పుస్తకాలు రాసేవారు కాబట్టి ఇది మీకు చాలా అవసరం. మా అరుగు చూడటానికి ఒకసారి బాగా చదువుకున్న పెద్దమనిషి వచ్చారు. క్యాలెండరు కాగితం చూసి, "రేతిరి ఏమిటమ్మా, రాత్రి అని రాయాలి. నాను కాదు, నేను. తప్పులు నేర్పితే ఎలా?" అన్నారు. గౌరవం కొద్దీ అప్పటికప్పుడు సరిచేసి కొత్తగా రాశాను. అత్త చదవడం మొదలుపెట్టి రెండో మాట దగ్గర ఆగిపోయింది. వేలు కదలలేదు. "ఇది నాది కాదు" అని కాగితం వెనక్కి ఇచ్చేసింది.

ఆ తర్వాత కూర్చుని ఆలోచిస్తే అర్థమైంది. రేతిరి అన్న మాటలో రే, తి, రి అని మూడు తేలిక అక్షరాలు ఉన్నాయి. రాత్రి రాయాలంటే త కింద రవత్తు కావాలి. మా వాళ్లు కత అంటారు, బాద అంటారు. పుస్తకంలో కథ, బాధ. నోట్లో లేని ఒత్తును కంటితో వెతుక్కోవాలి. అంటే మొదటి రోజే రెండు పనులు నెత్తిన పెడుతున్నాం, అక్షరం నేర్చుకోవడం, మాట మార్చుకోవడం. పలికినట్టే రాసి ఉంటే ఒక్క పనే. ఇంత తేలిక దారి ఉండగా తప్పు అన్న పేరు పెట్టి దాన్ని మూసేస్తున్నాం. రాత్రి అని రాయడం రావద్దని నేను అనడం లేదు. వస్తుంది. నాలుగు నెలల తర్వాత పొట్లం కట్టి తెచ్చిన పాత పేపరు ముక్కలో 'రాత్రి' చూసి, "వీళ్లు దీన్ని ఇలా రాస్తారేటి?" అని అత్తే అడిగింది. ఆ రోజు రవత్తు చెప్పాను. పది నిమిషాల్లో వచ్చేసింది.

ఈ మాట పర్లాకిమిడిలో కొత్తగా చెప్పాల్సి రావడం నాకు కష్టంగా ఉంది. గిడుగు రామమూర్తి పంతులుగారు 1880లో ఉపాధ్యాయుడిగా వచ్చింది ఈ ఊరి బడికే. ఇక్కడి కొండల మీది సవరల భాష నేర్చుకుని, వాళ్ల పాటలూ కథలూ సేకరించి, వాళ్ల భాషలోనే తెలుగు లిపితో వాచకాలు తయారుచేశారు. జనం మాట్లాడే భాషే బడిలో, పుస్తకంలో ఉండాలని జీవితమంతా వాదించారు. ఆయన పుట్టిన ఆగస్టు 29న ఏటా తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటున్నాం. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి ఇటు వచ్చింది. ఆ ఏడే మాంగే గొమాంగో సవరలకు సొరంగ్ సొంపెంగ్ అనే సొంత లిపి చేశారు. నోటి మాటకు గీత కట్టాలన్న తపన ఈ కొండల్లో ఎప్పటి నుంచో ఉంది. మా అత్త 'రేతిరి'ని తప్పు అనేవాళ్లు గిడుగువారి బొమ్మకు దండ వేసేటప్పుడు ఒక్క నిమిషం ఆలోచించాలని నా మనవి.

సొంత కథ పాఠమైతే ఏమవుతుందో తెలుగువాళ్లకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం నడిచింది. అప్పటి వాచకంలో సీతమ్మ కథ అని ఒక పాఠం ఉండేది. తాగుడు వల్ల సంసారం చితికిపోయిన ఇంటి కథ. దూబగుంట ఆడవాళ్లు దానిలో తమ ఇళ్లను చూసుకున్నారు, ఊళ్లో సారా కొట్టు మూయించారు. దూబగుంట రోశమ్మ పేరు రాష్ట్రమంతా తెలిసింది. తర్వాతి వాచకంలో 'ఆడవాళ్లు ఏకమైతే' అన్న పాఠంగా వాళ్లు చేసిన పనే ఎక్కింది. అది చదివిన ఊళ్లు కదిలాయి. 1993 అక్టోబరు 1 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో సారా నిషేధం వచ్చింది. సారా పోరాటంగా అందరికీ గుర్తున్న ఈ సంగతి నాకు చదువు సంగతిగా కూడా గుర్తుంది. అక్షరాలు ఇంకా కూడబలుక్కుంటున్న ఆడవాళ్లు ఆ పాఠాన్ని వదల్లేదు. అందులో ఉన్నది వాళ్లే కాబట్టి వదల్లేదు.

బ్రెజిల్‌లో పావ్లో ఫ్రెయిరీ అనే ఆయన కూడా ఈ దారే పట్టారని తర్వాత చదివాను. 1963లో ఆంజికోస్ అనే ఊళ్లో సుమారు 300 మంది కూలి జనానికి 40 గంటల్లో చదవడం, రాయడం నేర్పే ప్రయత్నం చేశారు. ముందు జనం దగ్గర కూర్చుని వాళ్ల మాటలు విని, వాళ్ల బతుకులో బరువున్న కొన్ని మాటలు ఏరుకుని వాటితోనే అక్షరాలు నేర్పడం ఆయన పద్ధతి. అలాంటి మాటల్లో ఒకటి ఇటుక. అది చదివినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది. మా బడిలోనూ ఇటుక కథ ఒకటి ఉంది.

ఆవిడ భర్తతో కలిసి ఆరు సీజన్లు ఇటుక బట్టీకి వెళ్లి వచ్చింది. తన కథ "నాను ఇటిక కోసినాను" అని మొదలుపెట్టింది. ఇ, టి, క, మూడు అక్షరాలూ ఆ రాత్రే వచ్చేశాయి. ఆవిడ కథలో అంకెలు కూడా ఉన్నాయి. ముందు తీసుకున్న అడ్వాన్సు, వెయ్యి ఇటుకలకు ఇచ్చే కూలి, వారం వారం తిండికి ఇచ్చే ఖర్చులు. అన్నీ నోటిలెక్కగా ఆవిడకు తెలుసు. వాటిని ఒకదాని కింద ఒకటి వేసి కూడి, తీసివేశాం. అడ్వాన్సు మూడో సీజనులోనే తీరిపోయిందని కాగితం చెప్పింది. మిగతా మూడు సీజన్లూ అప్పు ఉందనే వెళ్లారు. ఆవిడ ఆ కాగితం వైపు చాలాసేపు చూసింది, ఏమీ మాట్లాడలేదు. దాన్ని మడిచి జాకెట్లో పెట్టుకుని వెళ్లిపోయింది. మర్నాడు కూతుర్ని కూడా వెంటబెట్టుకుని వచ్చింది.

ఈ పద్ధతిలో ఉన్న ప్రమాదం కూడా దాచను. కథ చెప్పమంటే ఆడవాళ్లు తుపాన్లూ మేకపిల్లల దగ్గరే ఆగరు. ఇంటి గుట్టు బయటికి వస్తుంది. ఒకమ్మాయి మొగుడి తాగుడు గురించి, దెబ్బల గురించి చెప్పింది. నేను రాశాను, అందరూ ఏడుస్తూ చదివారు. ఎలా తెలిసిందో, మర్నాడు పొద్దున్నే ఆమె మరిది వచ్చి మా అరుగు మీద గొడవ పెట్టుకున్నాడు. ఆ కాగితం చింపేశాడు. ఆ అమ్మాయి నెల రోజులు రాలేదు. ఆ తప్పు నాది. చెప్పడానికి ఒప్పుకుంది, గోడకు పెట్టడానికి ఒప్పుకుందా అని నేను అడగలేదు. అప్పటి నుంచి మా దగ్గర ఒక కట్టుబాటు ఉంది. కథ ఎవరిదో కాగితం వాళ్లదే. గోడకు పెట్టాలన్నా, ఇంటికి పట్టుకెళ్లాలన్నా, పొయ్యిలో వేయాలన్నా వాళ్ల ఇష్టం. ఫొటోలు తీయం, వాట్సాప్‌లో పెట్టం. మీ కార్యక్రమాలకు ఫొటోలు కావాలని నాకు తెలుసు. దయచేసి ఈ ఒక్కదాన్ని వదిలేయండి. ఫొటో తీస్తారని తెలిస్తే నిజం ఎవరూ చెప్పరు, నిజం చెప్పకపోతే ఈ చదువు నడవదు.

ఒడియా సంగతేమిటని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. బ్యాంకు కాగితం, రేషను కార్డు, బస్సు బోర్డు ఇక్కడ ఎక్కువగా ఒడియాలోనే ఉంటాయి. ఒడిశా ప్రభుత్వం ఆడవాళ్ల ఖాతాల్లో డబ్బు వేసే సుభద్ర పథకం కింద రాఖీ పున్నానికి, మహిళా దినోత్సవానికి పడే ఐదేసి వేల మెసేజి చదివించుకోవడానికి మా వాళ్లు పిల్లల వెంట తిరుగుతారు. ఒడియా తప్పకుండా రావాలి. కాకపోతే మనిషి కథ చెప్పుకునే భాషలో మొదటి అక్షరం దిద్దనివ్వండి. గీతకూ మోతకూ ఉన్న ముడి ఒకసారి అర్థమైతే రెండో లిపి అంత కష్టం కాదు. తెలుగుకూ ఒడియాకూ అక్షరాల వరుస ఒకటే, క ఖ గ ఘ అక్కడా ఉన్నాయి. మా అత్త తన కథ కాగితాలు కుట్టిన పుస్తకం పూర్తి చేశాకే ఒడియా మొదలుపెట్టింది. ఇప్పుడు పర్లాకిమిడి, గుణుపురం, కాశీనగర్ బోర్డులు చదివి బస్సు ఎక్కుతుంది. ఇంట్లో సవర మాట్లాడే అమ్మకు సవరలో, కోందుల భాష కువి మాట్లాడే అమ్మకు కువిలో ఇలాగే మొదలుపెట్టాలన్నది నా మాట. తెలుగు కోసం మాత్రమే అడగడం లేదు.

2011 జనాభా లెక్కల్లో ఒడిశా మొత్తం మీద ఆడవాళ్లలో అక్షరాస్యత 64 శాతం. మా గజపతి జిల్లాలో అప్పటికి చదవగలిగిన ఆడవాళ్లు సగం మంది కూడా లేరు. 15 ఏళ్లు దాటిన చదువురాని వాళ్ల కోసం 2022లో మొదలైన కేంద్ర ప్రభుత్వ ఉల్లాస్ కార్యక్రమం 2027 దాకా ఉంది. జీతం లేని వాలంటీర్లతోనే అది నడుస్తుంది, అంటే నాలాంటి వాళ్లతో. చివర్లో పెట్టే పరీక్షకు 150 మార్కులు. చదవడానికి 50, రాయడానికి 50, లెక్కలకు 50. ఆ రాత భాగంలో తన గురించి నాలుగు వాక్యాలు తన యాసలో రాసినా పూర్తి మార్కులు ఇవ్వండి. నాను అని రాసినందుకు మార్కు కోయకండి. వాలంటీర్లకు శిక్షణ ఇచ్చేటప్పుడు ఎలా చెప్పాలో ఒక రోజు నేర్పితే, ఎలా వినాలో, విన్నది విన్నట్టు ఎలా రాయాలో రెండు రోజులు నేర్పండి. చదువుకున్నవాళ్ల చేతికి అది అంత తేలిగ్గా రాదు. మన కలం దానంతట అదే సరిదిద్దేస్తుంది, నాకూ చాలా కాలం పట్టింది.

డబ్బు పెద్దగా అవసరం లేదు. ఊరికి కొన్ని తెల్ల కాగితాల కట్టలు, లావు స్కెచ్ పెన్నులు, ఒక కత్తెర, గుడ్డి వెలుగు లేని ఒక బల్బు. ఒప్పుకున్నవాళ్ల కథలు మాత్రం బ్లాకులో ఎక్కడైనా పది కాపీలు అచ్చువేసి, చెప్పినవాళ్ల పేరు అట్ట మీద వేసి, పక్క ఊరి బడికి పంపండి. మా వాళ్లలో చాలామందిని పెళ్లయిన నాటి నుంచి ఫలానావాడి పెళ్లాం, ఫలానావాడి అమ్మ అనే పిలుస్తున్నారు. కథ అట్ట మీద సొంత పేరు రాసుకోవాలనే వాళ్లు మొదట సంతకం నేర్చుకున్నారు. బ్యాంకులో వేలిముద్ర మాన్పించడం కోసం మేం నేర్పింది కాదది.

ఇప్పటికి మా దగ్గర పంతొమ్మిది పుస్తకాలున్నాయి. ఎనిమిది పేజీలవి, పన్నెండు పేజీలవి. అడ్డాకులు కుట్టే చేతులే వాటినీ కుట్టాయి. మా ఇంట్లో ట్రంకు పెట్టెలో ఉన్నాయి. చూపించమని నేను వాళ్లను అడిగాను, పద్నాలుగు మంది సరేనన్నారు. మిగిలిన ఐదూ మీకు చూపించలేను. ఒకసారి వచ్చి చూడండి. చీకటి పడ్డాక రండి, పగలు ఎవరూ ఇంటి దగ్గర ఉండరు. మా అత్త తన తిత్లీ కథ చదివి వినిపిస్తానంది.

ఇట్లు,
పర్లాకిమిడి పక్క ఊళ్లో రాత్రిబడి చెప్పే ఒక కోడలు